మాటల్లో పెట్టిన ఊపిరి

వేణువు వాయించినన్నాళ్ళూ ఆయన ఎవరికీ పాఠం చెప్పలేదు. అడిగినవాళ్ళను "నాకు వాయించడమే వచ్చు, చెప్పడం రాదు" అని పంపేసేవాడు. జనం అది వినయం అనుకునేవారు. కాదని భార్యకు తెలుసు. తెల్లవారితే సాధన, పొద్దువాలితే కచేరీ. నడుమ ఇంకొకరి అపస్వరాలు వినే ఓపిక ఆయనకు లేదు.

ఒక ఉదయం నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమ మూల నుంచి కారిపోయాయి. అద్దం ముందుకు వెళ్ళి నవ్వబోతే సగం ముఖమే నవ్వింది. ముఖంలో నరం దెబ్బతిన్నదని, చాలామందికి దానంతట అదే నయమవుతుందని డాక్టరు చెప్పాడు. మూతపడని కన్ను నెమ్మదిగా మళ్ళీ మూతపడింది, మాట కుదుటపడింది. పెదవి మాత్రం కుదరలేదు. చూసేవాళ్ళకు ఏ తేడా కనిపించదు కానీ, వేణువు ఆనించుకుంటే గాలి ఎడమ పక్కకు జారిపోయి బుస్సుమంటుంది, అంతే.

ఆయన వాయించే వాద్యబృందం ఆయన కోసం చాలాకాలమే ఆగింది. చివరికి ఆయన కుర్చీలో ఒక యువకుణ్ణి కూర్చోబెట్టుకుంది. ఆ సంగతి చెప్పడానికి వచ్చిన వయొలిన్ ఆయన, టీ తాగేశాక కూడా ఖాళీ గ్లాసును చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"మంచి పని చేశారు. కుర్చీ ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగోదు" అన్నాడు ఈయన.

వయొలిన్ ఆయన వెళ్ళిపోగానే వేణువుల పెట్టె అటకెక్కింది.

పక్క వాటాలో ఒక బస్సు కండక్టరమ్మ ఉండేది. నలభై దాటిన మనిషి, కళ్ళజోడు, గట్టి గొంతు. ఇన్నేళ్ళూ గోడకు అవతల ఈయన సాధన వింటూ డ్యూటీకి తయారైంది. ఒక సెలవు రోజున వచ్చి వంటగది గుమ్మంలో నిలబడింది.

"పిన్నీ, బాబాయ్‌గారు మానేశాక పొద్దున్నే ఇల్లంతా బోసిపోయినట్టుంటోంది. నాకు నేర్పమని అడగవూ?"

"నువ్వే అడుగు తల్లీ. నేనడిగితే నా మీద విసుక్కుంటారు."

ముందుగదిలో పేపరు చదువుకుంటున్న ఆయన తలెత్తకుండానే అన్నాడు. "ఇప్పుడు దేనికమ్మా నీకిది?"

"రోజంతా జరగండి, జరగండి అని అరుస్తాను బాబాయ్‌గారూ. ఈ నోటితో ఒక్క మంచి శబ్దం చేద్దామని."

ఆయన కాదనబోయాడు. భార్య అప్పటికే స్టూలెక్కి అటక మీది పెట్టె దింపుతోంది.

మొదటి రోజు ఆమె వేణువును విజిల్ ఊదినట్టే ఊదింది. ఆయన "అలా కాదు" అన్నాడు. "మరెలా?" అంటే "అలా మాత్రం కాదు" అన్నాడు. నెలలు గడిచినా పాఠం అక్కడే ఉంది. పై స్వరాలు ఏదో పలుకుతున్నాయి కానీ, మంద్రానికి దిగితే ఆమె వేణువు మూగదైపోతోంది. ఒకనాడు ఉండబట్టలేక ఆయన వేణువు లాక్కుని పెదవికి ఆనించాడు. బుస్సుమంది. మూతి పక్కన తడి మెరిసింది.

ఆమె చూపు తిప్పుకోలేదు.

"శబ్దం రాలేదు, సరే. అది రావడానికి మీరు లోపల ఏం చేయబోయారు? అది నోటితో చెప్పండి, చాలు."

నడిచే మనిషిని ఎలా నడుస్తున్నావని అడిగినట్టుంది ఆయనకు. "ఇవాళ్టికి చాలు, వెళ్ళు" అన్నాడు కటువుగా. ఆమె చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళు రాలేదు.

ఆ కొన్నాళ్ళూ ఆయన వేణువు ముట్టుకోకుండా అద్దం ముందు కూర్చునేవాడు. దవడ వదిలి, నాలుక దించి, అరచేతిలోకి ఊదుకునేవాడు. తార స్వరం తలచుకుంటే గాలి చల్లగా తగిలేది. మంద్రం తలచుకుంటే వెచ్చగా తగిలేది. జీవితమంతా చేసిన పనిని ఆయన అప్పుడు మొదటిసారి చూశాడు.

ఒక పొద్దున లేచి పక్క వాటా తలుపు తానే తట్టాడు. ఆమె యూనిఫాంలో ఉంది.

"కళ్ళజోడు తుడుచుకునే ముందు అద్దం మీద ఆవిరి ఎలా పట్టిస్తావు?"

"హా... అని."

"వేణువులోకి అలాగే ఊదు."

ఆమె లోపల్నుంచి వేణువు తెచ్చి గుమ్మంలోనే నిలబడి ఊదింది. సన్నగానైనా నిజమైన మంద్రం పలికింది. ఆమె నవ్వేసరికి ఆగిపోయింది.

"నవ్వితే పోతుంది. నవ్వకు" అన్నాడు, తాను నవ్వుతూనే.

కండక్టరమ్మ నోట పడ్డ మాట బస్సంతా తిరిగింది. ఒక దర్జీ, ఒక నర్సు, ఇద్దరు అక్కాచెల్లెళ్ళు వచ్చారు. ఆయన విసుగు తట్టుకోలేక నర్సు మానేసింది. మిగిలినవాళ్ళు నిలబడ్డారు.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం ఎవరో యువకుడు గుమ్మంలో నిలబడి, తాను వాద్యబృందంలో వేణువు వాయిస్తానని చెప్పాడు. భార్య ఒక్క క్షణం తలుపు పట్టుకుని ఉండిపోయి, తర్వాత లోపలికి రమ్మంది.

"నిదానంగా సాగే చోట్ల కింది స్వరాలు మీకు నిలిచినట్టు నాకు నిలవట్లేదండీ. వయొలిన్ ఆయన ఏమీ అనరు. ఆ చోటు రాగానే ఒక్కసారి నా వంక చూస్తారు. మీ రికార్డింగులన్నీ విన్నాను. వింటే తెలిసేది కాదది."

"నా కుర్చీ చాల్లేదా నీకు?"

అనకూడదని తెలిసే అన్నాడు. యువకుడు తల దించుకున్నాడు.

"అది మీ కుర్చీయేనని రోజూ గుర్తొస్తూనే ఉంటుందండీ" అని లేచాడు. "రాకుండా ఉండాల్సింది. వస్తాను."

గుమ్మం దగ్గర తడిసిన బూట్లలోకి పాదాలు దూర్చుకుంటుంటే లోపల్నుంచి వినిపించింది. "ఆగు. వచ్చి వాయించు."

అతను వాయించాడు. వేగం పుంజుకున్న చోట తానెన్నడూ అంత శుభ్రంగా వాయించలేదని ఆయనకు అర్థమైంది. మంద్రం దగ్గరికి రాగానే స్వరం చివర్లో నలిగిపోయింది. ఎందుకో ఆయనకు తెలుసు. ఏ మాటలతో చెప్పాలో కూడా ఇప్పుడు తెలుసు. ఊరుకుంటే ఆ నాదం తనతోనే పోతుంది. లేచి వెళ్ళి అతని ఎదురుగా కూర్చున్నాడు.

"దవడ బిగిస్తున్నావు నాయనా" అన్నాడు. "స్వరం జారిపోతుందేమోనని ముందే గట్టిగా పట్టేసుకుంటున్నావు. వదిలెయ్. నా చేతిలోకి ఊదు."

అరచెయ్యి అతని పెదవుల ముందు పెట్టాడు. "చల్లగా ఉంది. మళ్ళీ... ఇంకా చల్లగానే ఉంది. తొందరేం లేదు."

చీకటి పడే వేళకు అరచేతికి వెచ్చగా తగిలింది. "ఇప్పుడు వేణువందుకో" అన్నాడు. తన నాదం ఆ గదిలో మళ్ళీ నిండింది. ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

యువకుడు వెళ్ళాక భార్య వచ్చి లైటు వేసింది.

"మళ్ళీ రమ్మన్నారా?"

"గురువారం రమ్మన్నాను." కిటికీ వైపే చూస్తూ, "నాకంటే బాగా వాయిస్తాడు" అన్నాడు.

ఆమె దగ్గరికి వచ్చి పక్కన కూర్చుని ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.