కెప్టెన్ గారి పెదవులు

మొగుడు వెండెల్ చొక్కా కాలర్లకు గంజి పెట్టి తీగ మీద ఆరేసి, చేతులు తుడుచుకుని లియోటా ఫిల్ము ముక్కల ముందు కూర్చుంది. మూకీల కాలం. లాస్ ఏంజెలెస్‌లో ఆ ఏడాది ఎవరు తీసినా యుద్ధం సినిమాయే. ఇందులో వెండెల్ కెప్టెను. శత్రువుల గూఢచారిణిని వలపు నటించి పట్టుకుంటాడు. ఇంట్లో మాత్రం తన మేజోళ్లు ఏ సొరుగులో ఉన్నాయో పట్టుకోలేడు.

ఫిల్ము కత్తిరించి అతికించేదీ, బొమ్మల మధ్య తెర మీద పడే మాటల అట్టలు రాసేదీ లియోటాయే. తెర మీద పేరు మాత్రం వెండెల్‌ది. "కత్తెర, జిగురు... కుట్టుపనేగా" అంటాడు నలుగురిలో. అత్తగారిది ఇంకో మెట్టు పైన. "మావాడి ముఖం చూసి వస్తున్నారమ్మాయ్ జనం, నీ అక్షరాలు చూసి కాదు." ఏడేళ్లుగా లియోటా నవ్వి ఊరుకుంటోంది. ఆ నవ్వు కింద ఏముందో చూసేంత తీరిక వాళ్లకు లేదు.

నిన్న నిర్మాత బ్రాక్‌వే ఇంటికొచ్చి కూర్చున్నాడు. "నవ్వుల సినిమా అన్నాడమ్మా మీ ఆయన. చూసినవాళ్లు ఆవలిస్తున్నారు. శనివారం మధ్యాహ్నం హాల్లో వేస్తా. అప్పుడూ నవ్వకపోతే డబ్బాలో పెట్టి మూతేస్తా."

"ఏవో నాలుగు మాటలు మార్చెయ్యి" అని భార్యకు చెప్పి, వెండెల్ టెన్నిస్‌కి పోయాడు.

లియోటా ఫిల్ము చూసే చేతి మిషను తిప్పుతూ ప్రేమ సన్నివేశం చూసింది. వినపడని బొమ్మ కదా అని నటులు నోటికొచ్చింది వాగుతారు. పెదవులు కదిలితే చాలు. పోయిన సినిమాలో వెండెల్ మోకరిల్లి, కళ్ల నీళ్లతో, బంగాళాదుంపల కూర గురించి మాట్లాడాడు. లియోటా తల్లికి చెవుడు. కాన్సాస్ పొలంలో ఆ తల్లి దగ్గరే పెదవులు చదవడం నేర్చుకుంది. ఏడేళ్లలో ఒక్కసారైనా ఆ తల్లి యోగక్షేమం అడగని వెండెల్‌కి ఈ సంగతి తెలిసే దారి లేదు.

ఈసారి బంగాళాదుంపలు కావు. గూఢచారిణి వేషం వేసిన డల్సీ చేతిని గుండెకు హత్తుకుని అంటున్నాడు: "మా ఆవిడా? చాకిరీ ఆమెది, పేరు నాది. ఏడాదికో చేతిరుమాలు కొనిపెడితే చాలు. పిచ్చిది, అదే ప్రేమనుకుంటుంది."

మూడుసార్లు తిప్పి చూసింది. ఏడుపు వస్తుందేమోనని ఆగింది. రాలేదు. అరువు ఇచ్చిన కోటు ఒంటి మీంచి లాగేస్తే లోపలున్నవాడు ఎంత బక్కగా కనిపిస్తాడో, అలా కనిపించాడు మొగుడు. ఇలాంటివాడి నోట్లోనా నేనిన్నాళ్లూ మంచి మాటలు పెట్టింది? నా మాటలు తీసేస్తే ఇంతే. ఇంతే కనిపించనీ. కథలో కెప్టెన్ బ్రహ్మచారి, అయితేనేం! అతనన్న మాటే అక్షరం మార్చకుండా అట్ట రాసింది.

శనివారం హాల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. మగవాళ్లు చాలామంది యుద్ధంలో ఉన్నారు. అట్ట తెర మీద పడింది. ముందు వరసలో ఒకావిడ "అచ్చం మా ఆయనే!" అని అరిచింది. హాలు గొల్లుమంది. ఆ తరువాత కెప్టెన్ మీసం దువ్వినా నవ్వే, కత్తి దూసినా నవ్వే.

పక్క కుర్చీలో ఉన్న వెండెల్ లియోటా మణికట్టు పట్టుకున్నాడు. "నన్ను నవ్వులపాలు చేశావు. ఎవరు చెప్పారు నీకు? డల్సీయేనా?"

అవతలి పక్కనుంచి బ్రాక్‌వే, నవ్వి నవ్వి తడిసిన కళ్లు తుడుచుకుంటూ వంగాడు. "ఎవరు రాశారమ్మా ఈ మాటలు?"

లియోటా చేయి విడిపించుకుంది.

"ఇన్నాళ్లూ మీరు మెచ్చుకున్నవన్నీ నావండి. ఈ ఒక్క అట్ట మాత్రం మా ఆయన సొంతం. దీని మీద ఆయన పేరే ఉంచండి."