కిటికీ కింద సున్నం గీతలు

నేను ఒక షిఫ్టు బస్సును. పెళ్లి బస్సులకుండే పూలదండలు, యాత్రల బస్సులకుండే పరదాలు నా నొసట రాయలేదు. ఇంజను ఒకచోట, ఒళ్లు మరోచోట తయారై, గోదావరి ఒడ్డున ఉన్న ఒక పాత బొగ్గు ఊరికి వచ్చి పడ్డాను. అక్కడ బొగ్గు గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. కార్మికులను ఎక్కించుకుని బాయి దగ్గర దించడం, పని దిగినవాళ్లను ఇళ్లకు చేర్చడం నా ఉద్యోగం.

మనుషులు చిత్రమైనవాళ్లు. పనికి పోయేటప్పుడు శుభ్రంగా తల దువ్వుకుని మూతి ముడుచుకుని కూర్చునేవారు. వచ్చేటప్పుడు ఒంటినిండా బొగ్గు పూసుకుని, నవ్వులతో నా రేకులు అదరగొట్టేవారు.

బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోకూడదు. నిప్పురవ్వ పడితే అందరి ప్రాణాలకూ ముప్పు. అందుకని మావాళ్లంతా తంబాకుకు మరిగారు. ఆకూ సున్నమూ అరచేతిలో నలిపి దవడన పెట్టుకున్నాక, వేలికి మిగిలిన సున్నం ఏం చేయాలి? చెయ్యి బయటికి చాపి కిటికీ కింద నా ఒంటికి రాసేవారు. ఎవరి సీటు వారిది, ఎవరి గీత వారిది. పొర మీద పొర కట్టి ఆ గీతలు వానకు కూడా పోయేవి కావు. మా డ్రైవరు తిట్టి, కడిగి, మళ్లీ తిట్టి, చివరికి తనూ ఒక సున్నం డబ్బీ కొనుక్కున్నాడు.

కొన్నాళ్లకు బాయి మూతపడింది. నన్ను వర్క్‌షాపు వెనక వదిలేశారు. ఓ తుమ్మ చెట్టు నా నేల రేకు చీల్చుకుని, టిక్కెట్టు లేకుండానే లోపలికి ఎక్కింది. ఎండవేళ మేకలు వచ్చి చేరేవి. నిజం చెప్పాలంటే మావాళ్లకంటే మర్యాదగా కూర్చునేవి.

ఒకరోజు కబురు తెలిసింది. నన్ను పాత ఇనుము కొనేవాళ్లకు అమ్మేశారట, సోమవారం వచ్చి కోసేస్తారట. ఆపడం పాత కార్మికుల చేతిలో లేదు. కనీసం నా ఫొటో ఒకటి పెద్దగా చేయించి తమ కార్మిక సంఘం గదిలో పెట్టుకోవాలనుకున్నారు. బాయిలోకి కెమెరా రానిచ్చేవారు కాదు. వాళ్ల పనిరోజుల గుర్తు ఇంకేదీ మిగల్లేదు. నాకూ అదే ఆశ. కరిగిపోయాక ఇనుము ఇనుమే. ఒకప్పుడు బస్సునని చెప్పేవారు ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఫొటో తీయడానికి కల్పలత వచ్చింది. గుడివాడ నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చి, పెళ్లి ఫొటోలు తీస్తూ బతుకుతున్న పిల్ల. పెళ్లి ఫొటోలు కాని పని ఆమెకిదే మొదటిది. “గడ్డం కొంచెం ఎత్తండి” అని అలవాటుకొద్దీ నాతోనే అని, తనలో తనే నవ్వుకుంది. తరవాత నా డ్రైవరు సీట్లోనే ల్యాప్‌టాప్ పెట్టుకుని బొమ్మ దిద్దడం మొదలుపెట్టింది. తుప్పు పోయి నీలిరంగు వచ్చింది. తుమ్మ చెట్టు మాయమైంది. కిటికీల కింది తెల్లమచ్చలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ముసలి ముఖానికి పౌడరు రాస్తే ఎవరికి చేదు? నేనైతే మురిసిపోయాను.

సాయంత్రం సంఘం తరఫున ఓదెలు, మొగిలి వచ్చారు. ఇద్దరూ నాలో ఎక్కి ముసలివాళ్లయినవాళ్లే. ఓదెలు బొమ్మను చాలాసేపు చూశాడు.

“గిది మన బండి కాదు బిడ్డా. పెండ్లికొడుకు బండి.”

పాపం కల్పలత ముఖం వాడిపోయింది. ఏం తగ్గిందో చెప్పమని అడిగింది. ఓదెలు నా పక్కకు వచ్చి, ఒక కిటికీ కింద ఉన్న మూడు గీతల మీద చెయ్యి వేశాడు.

“గివి లసుమయ్యవి. నా పక్క సీటు. అందరు ఒక్క వేలుతోని రాస్తే ఆయన మూడు వేళ్లతోని గీసేటోడు. ఇప్పుడు మనిషి లేడు, ఫొటో గూడ లేదు. ఇవి తుడిస్తే ఇంకేం మిగిలినట్టు?”

“కాకి రెట్టలనుకున్నాను తాతగారూ” అంది కల్పలత, చిన్న గొంతుతో.

ముందు మొగిలికి నవ్వాగలేదు. “గీ మాట లసుమయ్య ఇనాలె. బండి దిగి నీతోని కొట్లాటకొస్తుండె” అన్నాడు. ఓదెలు కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. కల్పలత కూడా నవ్వేసింది. నాకు సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది. నా అందమేమిటో నాకే తెలియకపోయింది.

దిద్దినవన్నీ ఆమె ఒక్కొక్కటే వెనక్కి తీసింది. ముందు తుప్పు వచ్చింది, తరవాత చెట్టు, చివరికి గీతలు. మర్నాడు పొద్దున్నే పాత కార్మికులంతా వచ్చి ఎవరి సీట్లో వాళ్లు కూర్చున్నారు. సీట్ల కోసం తగవు పడటం మాత్రం మానలేదు. ఓదెలు పక్క సీటు జోలికి ఎవరూ పోలేదు. కల్పలత మళ్లీ ఫొటో తీసింది, ఈసారి ఏమీ దిద్దలేదు.

అన్నట్టే సోమవారం నన్ను కోశారు. ముక్కలన్నీ లారీకెత్తి, సంఘం గది ముందునుంచి తీసుకుపోయారు. అరుగు మీద కూర్చున్న ముసలాళ్లు లారీని చూడగానే లేచి నిలబడి చేతులెత్తారు, బండి ఆపినట్టే. లారీ డ్రైవరు నిజంగానే ఆపాడు. తెరిచి ఉన్న గది తలుపులోంచి గోడ మీద నా బొమ్మ కనిపించింది. చూడగానే గుర్తుపట్టాను.

“ఎక్కుతవా తాతా?” అని డ్రైవరు అడిగాడు.

“లేదు బిడ్డా” అన్నాడు ఓదెలు, డ్రైవరును కాదు, నన్ను చూస్తూ. “మా షిఫ్టు అయిపోయింది. ఇంగ దాన్ని గూడ ఇంటికి పోనియ్యి.”