పొగగొట్టంలోంచి చెప్పిన మాట

నేను ఒక ఆక్సిజన్ సెన్సర్‌ని. బొటనవేలంత ఉంటాను. పింగాణీ ముక్కకి ప్లాటినం పూత పూసి, ఉక్కు తొడుగులో బిగించి, ఒక కారు పొగగొట్టంలో కూర్చోబెట్టారు నన్ను. ఇంజిన్ వదిలే పొగలో గాలి ఎంత మిగిలిందో కంప్యూటర్‌కి చెప్పడం నా పని. నా మాటను బట్టే అది పెట్రోలు పోయిస్తుంది.

ఆ కారు విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా రిటైరైన సన్యాసినాయుడుగారిది. ప్రతి శనివారం భార్య వరహాలమ్మని చీపురుపల్లి తీసుకెళ్లేవారు. అక్కడ ఆమె ఆడవాళ్లకి కుట్టుపని నేర్పేది. ఆయన తన వైపు అద్దం దించుకుని, మోచెయ్యి బయటపెట్టి హాయిగా నడిపేవారు. పక్క సీట్లో ఆమె కణతలు నొక్కుకునేది.

"కారెక్కితే చాలు, తల పగిలిపోతోందండీ."

"ఎండ కదా మరి," అనేవారాయన. మబ్బు పట్టిన రోజున, "కాఫీ తాగుండవు" అనేవారు. చివరికి ఆమె కుట్టు క్లాసు మానేద్దామనుకుంది.

అప్పటికే నేను 'గాలి ఎక్కువుంది, గాలి ఎక్కువుంది' అని చెబుతూనే ఉన్నాను. డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలిగింది. ఒక షెడ్డులో సెన్సరే పాడైందని తేల్చి, నన్ను ఊడదీసి కొత్తదాన్ని పెట్టారు. నేను డాష్‌బోర్డు అరలో పడ్డాను. కబురు నచ్చకపోతే తెచ్చినవాణ్ణి మార్చడం మనుషులకి అలవాటే. వారం తిరక్కుండా దీపం మళ్లీ వెలిగింది.

ఈసారి కంటోన్మెంటులో యూసుఫ్ అనే మెకానిక్ దగ్గరికి ఇద్దరూ వెళ్లారు. అతను నన్ను అరలోంచి తీసి, మీటరుకి తగిలించి, మొనకి మంట చూపించాడు. ముల్లు చటుక్కున లేచింది. మంట తీస్తే దిగింది.

"ఇది బాగానే ఉంది సార్. పాతదీ కొత్తదీ ఒకే మాట చెబుతున్నాయంటే, మాట నిజమేనేమో."

చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేయించి, వెనక పొగగొట్టానికి తడిగుడ్డ అడ్డుపెట్టించాడు. ముందు బానెట్ కింద బుస్సుమని చప్పుడు. ఇంజిన్‌ని ఆనుకున్న గొట్టానికి వెంట్రుకంత పగులు. అందులోంచి బయటిగాలి లోపలికి, పొగ బయటికి.

"ఈ పొగ ఫ్యాను గాల్లో కలిసి సీట్లలోకి వస్తోంది సార్. పక్కన కూచున్నోళ్లకి తలనొప్పి రాలేదా? అద్దాలన్నీ మూసుకుని ఉంటే ప్రాణం మీదకొచ్చేది."

నాయుడుగారు భార్య వైపు చూడలేకపోయారు.

గొట్టం మార్చాక తిరుగుదారిలో ఆయన ఊరికే ఉండలేకపోయారు. "ఎలా ఉంది? ఇప్పుడెలా ఉంది?"

"బాగుందండీ. అస్తమానూ అడక్కండి."

"బాగోకపోతే చెప్పు."

"చెబితే వింటారా?"

ఆయన బండి పక్కకి తీసి ఆపారు. ఇంజిన్ కట్టేసి, సీట్లో ఆమె వైపు పూర్తిగా తిరిగారు.

"చెప్పు, వింటాను."