వనిత దిక్కు తిరిగే గులాబీలు

పొద్దున ఆరున్నరకు మహల్ తోటలో మోటారు వేసేది ఎల్లేశే. మోటారు వేసి, రబ్బరు పైపు భుజాన వేసుకుని, చిన్న మంగళారం ఊరి వైపు గోడ దగ్గర మొదలుపెట్టి పచ్చికకు నీళ్ళు పట్టుకుంటూ వస్తాడు. పందొమ్మిదేళ్ళుగా అదే వరస. మహల్ అంటే వెనకటికి ఎవరో నవాబుగారు వేటకు వచ్చినప్పుడు ఉండడానికి కట్టించుకున్న భవంతి. ఇప్పుడు అందులో ఆయన కుర్చీలు, తుపాకులు, ఒక నిలువుటద్దం మిగిలాయి. టికెట్టు కొన్నవాళ్ళు తాడుకు ఇవతల నిలబడి వాటిని చూస్తారు. పది నిమిషాల్లో చూడడం అయిపోతుంది. హైదరాబాదు నుంచి చేవెళ్ల రోడ్డు పట్టుకుని ఆదివారం ఆదివారం అన్ని కార్లు వచ్చేది నవాబుగారి కుర్చీల కోసం కాదు, మహల్ వెనక ఉన్న గులాబీల కోసం.

అసలు మాట చెప్పాలంటే గులాబీల కోసం కూడా కాదు, వనిత కోసం.

వనిత ఎల్లేశ్ భార్య. మూడేళ్ళ కిందట కలుపు తీసే పనికి తోటలో చేరింది. చేరిన వారానికే గులాబీలు ఆమె ఎటు పోతే అటు తలలు తిప్పడం మొదలుపెట్టాయి. నాలుగు వందల మొక్కలు. ఆమె తూర్పు మడిలో కూర్చుంటే అన్నీ తూర్పుకు, చీపురు పట్టుకుని ఫౌంటెన్ దగ్గరికి పోతే అన్నీ ఫౌంటెన్ వైపుకు. దీన్ని ఎవరూ వింత అనుకోలేదు. మొక్కన్నాక ఏదో ఒక దిక్కుకు తిరుగుతుంది కదా అనుకున్నారు. వచ్చేవాళ్ళు గేటు దగ్గర బాత్రూములు ఎక్కడని అడిగేవారు, ఆ వెంటనే గులాబీలు ఎన్నింటికి తిరుగుతాయని అడిగేవారు.

ఒక ఆదివారం శంకర్‌పల్లి రోడ్డు ఫ్లాట్లలో ఉండే బాలసరస్వతిగారు మనవరాలు ఆద్యను వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడది కోస్తా. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నా మాట మాత్రం అక్కడిదే.

"బాబూ, కాస్త పక్కకు జరుగుతావా? నువ్వు అడ్డం వచ్చి పువ్వుల మొహాలు కనపడ్డం లేదు," అంది ఎల్లేశ్‌తో.

ఎల్లేశ్ పైపుతో సహా పక్కకు జరిగాడు.

"ఆ అమ్మాయిని ఇటునుంచి అటు ఓసారి నడవమను. మా ఆద్య వీడియో తీసుకుంటుంది."

"గా అమ్మాయి నా పెండ్లామేనమ్మా," అన్నాడు ఎల్లేశ్.

"అలాగా! అదృష్టవంతుడివి నాయనా," అని ఆవిడ మళ్ళీ అతని వైపు చూడలేదు.

ఎల్లేశ్‌కు అసూయ. దానికి ఇంకో పేరు వెతకడం దండగ. పరాయివాళ్ళ మీద అసూయ పడితే ఇంటికొచ్చి పెళ్ళాంతో చెప్పుకుని కాస్త తేలికపడొచ్చు. పెళ్ళాం మీదే పడితే ఎవరితో చెప్పుకుంటాడు? పందొమ్మిదేళ్ళు తాను నీళ్ళు పోశాడు, ఎరువు వేశాడు, చీడ పట్టినప్పుడు ఒక్కొక్క ఆకూ తుడిచాడు. ఆ పువ్వుల్లో ఒక్కటైనా, వాడిపోయిన ముసలి పువ్వైనా, అతని వైపు మెడ తిప్పిన పాపాన పోలేదు.

అతను చేయని ప్రయత్నం లేదు. వనిత పులిసిన మజ్జిగ పోస్తుందని తానూ పోశాడు. వనిత చెప్పుల్లేకుండా మడిలో దిగుతుందని తానూ చెప్పులు విడిచి దిగి, ముల్లు గుచ్చుకుని నాలుగు రోజులు కుంటుతూ తిరిగాడు. చివరికి ఒకనాడు ఆమె పసుపు స్కార్ఫు తలకు చుట్టుకుని మడి మధ్య నిలబడ్డాడు. గులాబీలు అతని మీదుగా పంపు గది వైపు చూస్తూ ఉండిపోయాయి. వనిత అక్కడ నీళ్ళు తాగుతోంది.

అతని తల్లి అంతమ్మ కొడుకు చేతిలో స్కార్ఫు చూసి ఒకటే మాట అడిగింది. "ఏందిరా, మొగోనివి పెండ్లానికి సవతి తీరు తయారైనవ్?"

ఇదంతా ఇట్లాగే నడిచిపోయేదేమో. కానీ దసరాకు పాత మేస్త్రి రిటైరయ్యాడు. తోట మేస్త్రి అంటే పర్మనెంటు పని. మహల్ తాళాలు నడుముకు ఉంటాయి. పొద్దున ఎవరు ఏ మడిలో దిగాలో అతను చెప్పినట్టే జరుగుతుంది. ఎల్లేశ్ తండ్రి ముగ్గురు మేస్త్రీల చేతికింద చేసి, తాళాలు ముట్టకుండానే పోయాడు. ఈసారి అవి తనవే అని ఎల్లేశ్ అనుకున్నాడు. తోటలో మిగతావాళ్ళు మాత్రం వనితను మేస్త్రమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. ఆమె నవ్వేది. ఎల్లేశ్ ఆ పిలుపు వినపడనంత దూరానికి పైపు లాక్కుపోయేవాడు. ఇంట్లో ఆమె పక్కన పడుకోవడం ఒకటి. పొద్దునలేచి ఆమె ముందు నిలబడి ఇయ్యాల ఏ మడి అని అడగడం ఇంకొకటి.

పార్కు మేనేజరు సీతారామారావుగారు మంచి మనిషే. మంగళవారం తోటంతా ఒకసారి తిరిగి చూసి మేస్త్రి ఎవరో చెబుతానన్నాడు.

సోమవారం తోటకు సెలవు. వనిత అమ్మగారింటికి పోయింది. పోతూ పోతూ, "గంజిల బువ్వ ఉన్నది, తిను," అని చెప్పి మరీ పోయింది. ఎల్లేశ్ తినలేదు. గోడ పక్క చిన్న గేటు తీసుకుని తోటలోకి వెళ్ళి, సామాన్ల గదిలోంచి పెద్ద కత్తెర తీశాడు.

గులాబీలకు ఏటా వానలు వెనకబట్టాక కత్తిరింపు ఉంటుంది. మోకాలెత్తున వదిలి మీది కొమ్మలన్నీ తీసేస్తారు. తెగినచోట పేడ రాస్తారు. ఆపైన నలభై అయిదు రోజులకు మళ్ళీ పువ్వు. దానికింకా పదిహేను రోజులుంది, నేల ఇంకా తడిగానే ఉంది. ఆ సంగతి ఎల్లేశ్‌కు తెలియక కాదు. పువ్వే లేకపోతే రేపు సార్ ముందు ఏది తిరుగుతుందో చూద్దాం అనుకున్నాడు. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి సాయంత్రం నాలుగింటి దాకా కోశాడు. పూసినవీ కోశాడు, మొగ్గలూ కోశాడు. కోసేటప్పుడు కూడా పువ్వులు అతని వైపు చూడలేదు. వనిత అమ్మగారింటి వైపు, శంకర్‌పల్లి దిక్కుకు తిరిగి ఉన్నాయి. దాంతో ఇంకా గట్టిగా కోశాడు.

ఇంటికొచ్చి, ఎవరూ అడక్కముందే, "సీజనొచ్చింది, అందుకే కత్తిరించిన," అన్నాడు తల్లితో.

"గుమ్మడికాయల దొంగంటె భుజాలు తడుముకున్నడట," అంది అంతమ్మ. "నేనేమన్న అడిగిన్నా?"

మంగళవారం పొద్దున సీతారామారావుగారు వచ్చేసరికి పనివాళ్ళంతా గులాబీ మడుల దగ్గర గుంపుగా నిలబడి ఉన్నారు. నాలుగు వందల మొక్కలు మోకాలెత్తు మోళ్ళయి ఉన్నాయి. వనిత మొదటి మడి దగ్గర కూర్చుని తెగిన కొమ్మను వేలితో తడిమి చూస్తోంది.

"పేడ సుత పెట్టకపోతివి," అంది ఎల్లేశ్‌తో మెల్లగా. ఇంకేమీ అనలేదు.

అప్పుడు మోళ్ళు కదిలాయి. ఒక్కొక్క కట్టె, తెగిన మొన ముందుకు పెట్టి, ఎల్లేశ్ వైపు తిరిగింది. అతను ఎడమకు జరిగాడు. మోళ్ళు కూడా ఎడమకు తిరిగాయి. ఫౌంటెన్ వెనక్కి పోయి నిలబడ్డాడు. నాలుగు వందల కొమ్మల మొనలూ ఫౌంటెన్ వైపు తిరిగాయి. ఇన్నాళ్ళూ చూసేది పువ్వు అనుకున్నాడు ఎల్లేశ్. పందొమ్మిదేళ్ళు తోటపని చేసినవాడు పడకూడని పొరపాటు అది. చూసేది మొక్క.

కత్తిరింపు సీజను కాబోలు అనుకున్న సీతారామారావుగారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇదన్నమాట సంగతి. ఇద్దరూ ఎప్పుడూ ఒకే చోట పనిచేస్తుంటే నేను ఆవిడ కోసం తిరుగుతున్నాయనుకున్నాను. ఇన్నాళ్ళూ మీకోసమా ఎల్లేశ్?"

ఎల్లేశ్ ఫౌంటెన్ వెనక ఇంకో అడుగు వెనక్కి వేశాడు. పక్కవాళ్ళు నేల చూపులు చూశారు. వనిత లేచి చేతులు దులుపుకుంది.

"అవు సార్," అంది. "ఆయన దిక్కే చూస్తున్నయ్."

తాళాల గుత్తి ఎల్లేశ్ చేతికి వచ్చింది. ఆ రోజంతా వనిత తట్టలో పేడ కలుపుకుని, మొక్క మొక్కకూ కూర్చుని, తెగిన ప్రతి కొమ్మకూ బొటనవేలితో పేడ రాసింది. ఆమె చెయ్యి కిందున్న మొక్క కూడా ఆమె వైపు చూడలేదు. మహల్ మెట్ల మీద తాళాలు పట్టుకుని కూర్చున్నవాడినే చూసింది.

వారం తిరక్కుండానే ఆమె అజీజ్‌నగర్‌లో ఎవరో డాక్టరుగారి ఫామ్‌హౌస్‌లో పనికి కుదిరింది.

"తోటల మొగడు మేస్త్రి, పెండ్లాం కూలి ఎందుకు? ఇంట్ల ఒక్కటే పంచాయితి చాలు," అంది అడిగిన ఎల్లేశ్‌తో. పొద్దున ఏడింటి ఆటోకు పోయి సాయంత్రం వచ్చేది. వండేది, పెట్టేది, అత్తకు కాళ్ళు పిసికేది. ఎల్లేశ్ ఏమడిగినా జవాబు చెప్పేది. తనంతట తాను మాత్రం ఒక్క మాట కదపలేదు.

మేస్త్రి ఉద్యోగం బాగానే ఉంది. గులాబీలు కూడా పేడ పుణ్యమా అని చిగురించాయి. నలభై అయిదో రోజుకు పూశాయి. అంత పెద్ద పువ్వులు ఆ తోటలో ఎన్నడూ పూయలేదు. కానీ పూసినవన్నీ తూర్పు గోడ వైపుకు, అజీజ్‌నగర్ దిక్కుకు తిరిగి పూశాయి. ఆ గోడకూ మడులకూ మధ్య మనిషి నడిచే దారి లేదు. జనం కాలిబాట మీద నిలబడి నాలుగు వందల మొక్కల వీపులు చూశారు. కొందరు వీపులకే ఫొటోలు తీసుకున్నారు. కొందరు గేటు దగ్గర రిజిస్టరులో ఫిర్యాదు రాసి పోయారు.

"ఏం మేస్త్రీ, వీటిని ఇటు తిప్పలేరా?" అని అడిగాడు సీతారామారావుగారు.

"చూస్త సార్," అన్నాడు ఎల్లేశ్.

అతను గోడకూ మొక్కలకూ మధ్య ఇరుకులోకి అడ్డంగా దూరాడు. చొక్కా రెండు చోట్ల చిరిగింది. అక్కడ నిలబడితే పువ్వులన్నీ ఎదురుగానే ఉన్నాయి, అతని ముఖంలోకే చూస్తున్నట్టున్నాయి. కుడికి జరిగాడు. అవి జరగలేదు. అతని మీదుగా, గోడ మీదుగా, దూరంగా ఎటో చూస్తున్నాయి. పొద్దున ఆటో ఎక్కేటప్పుడు వనిత ఏ చీర కట్టుకుందో గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు. ఈ పువ్వులకైతే తెలిసి ఉంటుంది అనిపించింది. అప్పుడు పుట్టింది అతనికి మళ్ళీ అసూయ. ఈసారి వనిత మీద కాదు. అజీజ్‌నగర్‌లో, ఆమె చేతినీళ్ళు తాగుతున్న ఎవరి మొక్కలో, వాటి మీద. అంత మంట అతనికి ఆ మూడేళ్ళలో ఎప్పుడూ పుట్టలేదు.

ఆ మధ్యాహ్నమే సీతారామారావుగారి బల్ల మీద తాళాల గుత్తి పెట్టి, కత్తిరింపు సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయన తాళాల గుత్తిని సొరుగులో వేసి, "మరి ఆవిడ వస్తానంటే తీసుకురండి. మేస్త్రి పని ఆవిడకే," అన్నాడు. ఎల్లేశ్ ఆటో ఎక్కాడు.

డాక్టరుగారి ఫామ్‌హౌస్ గేటు ఇనుప కడ్డీలది. లోపల వనిత చేమంతి మడిలో కూర్చుని కలుపు తీస్తోంది. చేమంతులన్నీ ఆమె వైపు తిరిగి ఉన్నాయి. ఎల్లేశ్ కడ్డీలు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తలెత్తి చూసి, కొడవలి పక్కన పెట్టి గేటు దగ్గరికి వచ్చింది. గేటు తీయలేదు.

"డ్యూటీల గిట్ల వచ్చినవేంది?"

"డ్యూటీ లేదు. తాళాలు సార్‌కిచ్చి వచ్చిన."

"ఎందుకు?"

"సీజనని కొయ్యలే నేను. నువ్వు నా మీద మేస్త్రివైతవని కోసిన."

"నాకెరుకే," అంది వనిత. "సీజనైతే పేడ పెడ్తుంటివి."

"సార్ నిన్ను రమ్మన్నడు. మేస్త్రిగ. వస్తవా?"

"నన్ను అడక్కుంట కోస్తివి. అడక్కుంట తాళాలు ఇస్తివి. ఇప్పుడన్న అడిగినవ్ పో." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "నేనొస్త. నువ్వు నా చేతికింద జేస్తవా?"

"చేస్త."

"మల్ల కుళ్ళుతవ్."

"కుళ్ళుత," అన్నాడు ఎల్లేశ్. అబద్ధం చెప్పే ఓపిక అతనికి లేదు.

"కుళ్ళు. కుళ్ళుకో. కత్తెర మాత్రం ముట్టకు." గేటు గొళ్ళెం తీయబోయి ఆగింది. "నిన్నొక్కటి అడుగుదామనుకున్న. గన్ని చెట్లు మూడేండ్లు నా దిక్కు చూసినయ్. ఊరు చూసింది. పట్నం నుంచి టికెట్ కొనుక్కొని వచ్చి చూసిర్రు. నువ్వొక్కనివే గా పువ్వుల దిక్కు చూసుకుంట నిలవడితివి. ఎందుకయ్యా?"

ఎల్లేశ్ కడ్డీలకు ఇంకా దగ్గరగా జరిగాడు. కడ్డీల మధ్యలోంచి ఆమెను చూశాడు. నీలం చీర కట్టుకుంది. చెవి పక్కన మట్టి అంటుకుని ఉంది. ముఖం ఎండకు నల్లబడింది. ఆమె గొళ్ళెం తీసి, డాక్టరుగారి భార్యకు చెప్పి రావడానికి లోపలికి నడిచింది. చేమంతులతో పాటే అతని తల కూడా అటు తిరిగింది.