పురుగుల మీద వేసిన నింద

అబద్ధాలాడటం నడీన్‌కి అలవాటు లేని పని. అలవాటు లేనివాళ్ళు అబద్ధమాడితే అది ఒక చోట ఆగి చావదు. ఆమె ఆడిన ఒక్క ముక్కకి ఇప్పుడు వీధి వీధంతా తమ తమ లాన్‌లు తవ్వి చూసుకుంటోంది.

జరిగింది ఇది. ఆగస్టు చివర్లో ఓ ఉదయం ఆమె మొగుడు హార్లన్ ఇంటి ముందు లాన్‌కి కలుపు మందు కొట్టాడు. వాళ్ళ షెడ్డులో రెండు డబ్బాలుంటాయి. ఒకటి గడ్డి జోలికి పోకుండా కలుపుని మాత్రమే చంపేది. రెండోది పచ్చగా కనిపించినదాన్నల్లా చంపేది. కారు దారిలో సిమెంటు పగుళ్ళలో మొలిచే పిచ్చిమొక్కల కోసం కొన్నది. రెండో డబ్బాకి ఎర్ర టేపు చుట్టింది కూడా హార్లనే. దాన్ని ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని చుట్టపు చూపుగా వచ్చిన బావమరిదిని కూడా బెదిరించాడు. అలాంటివాడు ఆ డబ్బానే తీసి, ఎంతో శ్రద్ధగా, ఈ చివర నుంచి ఆ చివరికి కొట్టుకుంటూ పోయాడు. కొద్ది రోజుల్లోనే లాన్ మొత్తం గడ్డివాము రంగుకి తిరిగింది.

ఒహాయోలోని ఆ వీధిలో లాన్ అంటే ఆషామాషీ సంగతి కాదు. ఇళ్ళ మధ్య గోడలుండవు, కంచెలుండవు, గడ్డి ఒక్కటే పరుచుకుని ఉంటుంది. మనిషి గుణం గడ్డిలో చూస్తారు. శనివారం కోత మిషను నడిపేటప్పుడు సరిగ్గా హద్దు మీద ఆపేసేవాడు మనసులో ఏదో పెట్టుకున్నట్టు లెక్క. పక్కింటివైపు ఇంకో చాలు అదనంగా కోసిపెట్టేవాడు మంచి పొరుగువాడు. హార్లనూ పక్కింటి డోయలూ పెళ్ళైన కొత్తల్నుంచీ అలా ఒకరికొకరు కోసిపెట్టుకుంటున్నారు. ఆ అలవాటు కొద్దీ హార్లన్ మందు కూడా డోయల్ వైపు ఓ చాలు అదనంగా కొట్టాడు. అదీ చచ్చింది.

ఖాళీ ఎర్ర టేపు డబ్బా ముందుగా నడీన్ కంటపడింది. దాన్ని ఎవరూ చూడకుండా తను పనిచేసే స్కూలు వంటగది చెత్తలో పారేసి వచ్చింది. ఎందుకంటే, ఆ వసంతంలో హార్లన్ పొయ్యి మీద గిన్నె మర్చిపోయి గరాజుకి వెళ్ళిపోయాడు. ఇల్లంతా పొగ. ఆ తర్వాత డాక్టరు చెప్పిన జబ్బు పేరుని ఇంట్లో ఇద్దరూ నోటితో అనరు. పొగ నాటి నుంచీ అతను చాలా రోజులు తిండి ముట్టుకోనట్టే గడిపాడు, గోడవైపు తిరిగి పడుకుని. ‘గిన్నె సంగతి సరే, నా లాన్ దగ్గర కూడా తప్పు చేసిన రోజున ఇంక నేనెందుకు నడీన్?’ అన్నాడు ఒకసారి. ఆ మాట ఆమె గుండెలో దిగబడిపోయింది. లాన్‌ని తన చేత్తో తనే చంపానని తెలిస్తే ఈసారి మనిషి లేవడని ఆమెకి రూఢి.

అందుకే అతను నోరు తెరిచేలోపే అనేసింది, “వేరుపురుగు పట్టింది. మొత్తం తినేసింది, చూడు.”

హార్లన్ ఆమెవైపు చూసి, లాన్‌వైపు చూసి, “అంతే అయ్యుంటుంది,” అన్నాడు.

మర్నాడు మిషను పట్టడం రాని నడీన్ మిషను పట్టి, చచ్చిన గడ్డినంతా నేలకంటా కోసేసింది. మందు చాళ్ళ మధ్య అక్కడక్కడా బతికిపోయిన సన్నటి పచ్చగీతలు కనిపించకూడదని. ఇంక అక్కడి నుంచీ ఆమె ప్రాణానికి సుఖం లేదు. ఎదురింటావిడ పురుగుల మందు తెచ్చి చల్లింది. మూలింటాయన లాన్‌లో గుంటలు తీశాడు. స్కూల్లో నిలువుకాళ్ళ మీద పనిచేసి ఇంటికొస్తే, ఎవడో ఒకడు సీసాలో పురుగు పట్టుకొచ్చి ‘ఇదేనా నడీన్?’ అని అడిగేవాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని పరీక్షగా చూసినట్టు నటించేది. రాత్రుళ్ళు హార్లన్ లేచి తలుపు గడియ తీస్తాడేమోనని సగం చెవి అటు వేసి పడుకోవడం ఎటూ ఉంది. వీటన్నిటితో ఒళ్ళు పులిసిపోయి, ఎక్కడ కూర్చుంటే అక్కడే కునుకు పట్టేది.

సెప్టెంబరు చివర, ఎండ తగ్గాక, పాత గడ్డి తీసేసి కొత్తది పరవడానికి రోజు కుదిరింది. శుక్రవారం డోయల్ తన ట్రక్కులో గడ్డి చెక్కే మిషను అద్దెకి తెచ్చాడు. నోరు ఊరుకోని మనిషి.

“ఒరేయ్ హార్లన్, నీ పురుగులు నా వైపు కూడా ఓ చాలు తినిపోయాయిరా. వాటికి కూడా నీ బుద్ధులే వచ్చాయి!”

నడీన్‌కి నవ్వు రాలేదు. హార్లన్ మిషను పట్టుకున్నాడు. అది నేలలోకి దిగి పాత గడ్డిని మట్టితో సహా పట్టీలుగా కోసుకుంటూ పోతోంది. డోయల్ ఒక పట్టీ లేపబోయి తూలాడు.

“ఇదేంట్రా, ఇంత గట్టిగా పట్టుకునుంది? పురుగు తింటే వేళ్ళుండవు కదా. చాప లేపినట్టు రావాలి కదా.” మట్టి చేత్తో నలిపి చూశాడు. “ఒక్కటంటే ఒక్క పురుగు లేదు!”

“చలికి లోపలికి దిగిపోయుంటాయి,” అంది నడీన్ గబగబా.

“ఎక్కడి చలి? నేను చొక్కా విప్పేద్దామని చూస్తుంటే!”

“నీ చొక్కా ఊసు ఎవడిక్కావాలి డోయల్? ఆ పట్టీ పట్టుకెళ్ళి బండిలో పడెయ్.”

డోయల్ గొణుక్కుంటూ వెళ్ళాడు. హార్లన్ మిషను ఆపి, వంగి, గడ్డి పట్టీ ఒకటి తీసి రెండు చేతులా లాగాడు. ఎండిన వేళ్ళు దట్టంగా అల్లుకుని ఉన్నాయి. తెగలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా పక్కన పెట్టి, మళ్ళీ మిషను నడిపాడు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర అతను ఏమంటాడోనని నడీన్ ఎదురుచూసింది. అతను బంగాళాదుంపలు బావున్నాయన్నాడు, అంతే.

శనివారం పొద్దున్నే లారీ వచ్చి కొత్త గడ్డి దింపిపోయింది. మట్టితో పాటు కోసి, చాపల్లా చుట్టిన చుట్టలు. వాటిని ఆ రోజే పరిచెయ్యాలి. గుట్టగా ఉంచేస్తే లోపల వేడి పుట్టి ఉడికిపోతాయి. డోయల్ చుట్టలు మోసుకొచ్చి పడేస్తుంటే, హార్లన్ మోకాళ్ళ మీద కూర్చుని పరుస్తున్నాడు. గోడకి ఇటుకలు పేర్చినట్టు, ఒక వరస అతుకు మీదికి ఇంకో వరస అతుకు రాకుండా. అంచుకి అంచు ఆనించి, అరచేత్తో కొడుతూ. ఎక్కడా తడుముకోలేదు. ఆ చేతులు చూస్తే డాక్టరు ఎవరి గురించో చెప్పాడనిపించింది నడీన్‌కి. వెనకాల గొట్టంతో నీళ్ళు పెడుతూ, నిలబడే కునికిపాట్లు పడింది.

మధ్యాహ్నం డోయల్ తిండికని ఇంటికి వెళ్ళాడు. వీళ్ళిద్దరూ మెట్ల మీద కూర్చున్నారు, ఒళ్ళో టర్కీ మాంసం శాండ్విచ్‌లు పెట్టుకుని. సగం నేల పచ్చగా, సగం నల్లగా ఉంది.

“నడీన్,” అన్నాడు హార్లన్, తింటూనే. “పురుగులు తిన్నగా నడవవు.”

ఆమె శాండ్విచ్‌కి అంటిన మట్టిని గోటితో గీకసాగింది.

“పురుగు తింటే మచ్చలు మచ్చలుగా పోతుంది. నాది చాళ్ళు చాళ్ళుగా పోయింది. పోస్టు డబ్బా దాకా వెళ్ళి, తిరిగి, డోయల్ వైపు ఒకటి ఎక్కువ. ఈ వీధిలో అలా నడిచేవాణ్ణి నేనొక్కణ్ణే.”

“ఎప్పుడు తెలిసింది నీకు? నిన్ననా?”

“పసుపెక్కిన రోజే. నువ్వు కోసెయ్యక ముందే చూశాను. షెడ్డులో డబ్బా కూడా లేదు.”

“మరి అప్పుడే చెప్పి ఏడవలేకపోయావా?” అంది నడీన్. శాండ్విచ్ విసిరికొట్టింది. ఒళ్ళు తెలియని కోపం వచ్చింది ఆమెకి. “నెల్లాళ్ళుగా ఊరందరికీ అబద్ధాలు చెప్తూ చస్తున్నాను! సీసాల్లో పురుగులు చూడలేక చస్తున్నాను! నీకు తెలిస్తే ఏమైపోతావోనని నిద్ర లేదు నాకు! నువ్వేమో తెలిసి కూడా బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నావా?”

“అప్పుడు నువ్వు స్కూలు నుంచి వచ్చి ఇక్కడే నిలబడ్డావు. చేతిలో సంచి కూడా దించలేదు. నేను నోరు తెరవకముందే పురుగు అనేశావు. నీ మొహం చూస్తే... ఎంత అలిసిపోయి ఉన్నావో. నమ్మితే పోయె, నీకు నన్ను ఓదార్చే ఆ ఒక్క చాకిరీ అయినా తప్పుతుంది అనుకున్నాను.”

నడీన్‌కి ఏడుపొచ్చింది. మట్టి చేతులతోనే మొహం కప్పుకుంది. ఒకరికి తెలియకూడదని ఒకరు మోసిన బరువు, ఒక్కరే మోసినా ఇంతకంటే తేలిగ్గా ఉండేదేమో.

“చాళ్ళు చూసి తెలుసుకున్నానంతే,” అన్నాడు హార్లన్ మెల్లగా. “కొట్టడం మాత్రం గుర్తు లేదు. ఎంత తన్నుకున్నా గుర్తు రావట్లేదు. ఆ పొద్దున నేనెక్కడున్నానో నాకే తెలీదు నడీన్. అదీ భయం.”

ఆమె ఏదో ఒకటి అని సర్దేద్దామనుకుంది. చివరికి అతని మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది.

డోయల్ మూతి తుడుచుకుంటూ వస్తున్నాడు. హార్లన్ లేచి నిలబడ్డాడు.

“డోయల్, పురుగుల్లేవు, పాడూ లేదు. ఎర్ర టేపు డబ్బా కొట్టాను. నీ వైపు కూడా నేనే కొట్టాను. నాకు జబ్బు చేసింది. మతిమరుపు. ఇంకా పెరుగుతుందట.”

డోయల్ అక్కడే ఆగిపోయాడు. హార్లన్‌ని చూశాడు, నడీన్‌ని చూశాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఒరేయ్ దరిద్రుడా,” అన్నాడు. “ఇంటి వెనకా ముందూ రెండు సార్లు పురుగుల మందు కొట్టించావు కదరా నాచేత!” వెళ్ళి చుట్ట ఎత్తుకొచ్చాడు. అవతల గుట్ట లోపల అప్పుడే వేడెక్కుతోంది.

హార్లన్ మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కాసేపు బాగానే పరిచాడు. ఒక వరస చివరికొచ్చి, చుట్ట చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

“నడీన్, ఈ వరస ఏ వైపు నుంచి మొదలుపెట్టాలి?”

చెప్పింది. రెండు చుట్టలు పరిచి మళ్ళీ తలెత్తాడు.

“నడీన్, ఇది ఏ వైపు నుంచి?”

ఇన్నాళ్ళూ ఇలాంటప్పుడు మొదటిసారి విన్నట్టే జవాబు చెప్పేది ఆమె. ఇప్పుడు గొట్టం నేల మీద పెట్టి, అతని పక్కకి వచ్చి కూర్చుంది.

“ఇందాకే అడిగావు,” అంది.

“అడిగానా?”

“అడిగావు.”

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

“సరే, అయితే మళ్ళీ చెప్పు,” అన్నాడు.

ఆమె అతని చెయ్యి పట్టుకుని ఎక్కడ ఆనించాలో చూపించింది.