పచ్చడి సీసాలో సన్నపొడి

మా నాయన ఎజ్రా ఆళ్లగడ్డలో విగ్రహాలకు నునుపు పట్టేవాడు. చెక్కేది వేరేవాళ్లు, మెషిన్‌తో మెరుపు తెచ్చేది ఆయన. ఆదివారం చర్చికి, సోమవారం వినాయకుడి బొజ్జ దగ్గరికి. ఎవరైనా ఎగతాళి చేస్తే, "రాయికి మతమేందప్పా?" అని నవ్వి, దగ్గేవాడు.

నేను బెంగళూరులో కాంతి మీద పరిశోధన చేస్తున్నాను. మా ప్రయోగంలో ఫోటాన్లు జంటలుగా పుడతాయి. జంటలో ఒకటి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్, అది పొడిలోంచి వెళ్తుంది. రెండోది ఎర్రటిది, పొడిని తాకనే తాకదు, కెమెరాలో పడుతుంది. అయినా మొదటిదానికి పొడిలో ఏమైందో రెండోదాన్ని చూసి చెప్పేయొచ్చు. విగ్రహాల రాళ్లలో కలిసుండి ఊపిరితిత్తులను తినేసే పలుగురాతి పొడిని ఇలా పసిగట్టాలని నా పట్టుదల. నాయన దగ్గు కోసమే ఈ పని ఎంచుకున్నానని గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

"నాయనా, మీ షెడ్డులో రాతిపొడి రవ్వంత పంపు," అని ఫోన్ చేశాను.

"యెంత సన్నంది గావల్ల సిరీ?"

"యెంత సన్నగుంటే అంత మంచిది."

నెల తర్వాత పచ్చడి సీసా నిండా వచ్చింది. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంది. నాకు కావలసింది చిటికెడే. కెమెరాలో పలుగురాతి గుర్తు ఎంత స్పష్టంగా పడిందంటే, మా సార్ ల్యాబులో అందరికీ స్వీట్లు పంచాడు.

ఆరు నెలలకు నాయనను నంద్యాల ఆస్పత్రిలో చేర్చారు. స్కాన్ చూసిన డాక్టరు, "ఈమధ్య మూసిన గదిలో పనిచేశాడా? ఇంత తొందరగా పాడవకూడదే," అన్నాడు. లేదన్నాను.

"చేసినాడు గదా," అంది అమ్మ. "నీ పొడి గాలికి పోతాదని తలుపులు మూసుకోని, నా నూలుచీర చించి, నెల దినాలు జల్లించినాడు. మొగానికి గుడ్డ కట్టుకోమంటే యిన్ల్యా."

లోపలిదాకా దిగి చంపేది సన్నపొడేనని నాకు తెలుసు. నా చదువే అది. అయినా ఒక్క జాగ్రత్త చెప్పలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

నాయన ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగాడు. "మన పొడి పనికొచ్చెనామ్మా?"

"వచ్చింది నాయనా."

"అయిపోతే చెప్పు. ఇంగా సన్నగా జల్లెడ పడతా."

సీసా ఇంకా నిండుగానే ఉందని చెప్పలేకపోయాను.