సంజక్క తప్పులు

"ఆడదాని నోరు ఊరుకుంటే మొగోని చెయ్యి ఊరికే లేస్తాదా?" అని మా అత్త రోజూ అంటుంది. నేను పిండి విసిరేటప్పుడు ఒకసారి, రొట్టెలు తట్టేటప్పుడు ఇంకోసారి. ఆ రోజు నేను నోరు తెరవనే లేదు. తెరవడానికి పెదవి బాగుంటే గదా! ముందురోజు సంగటిలో ఉండ తగిలిందని మా ఆయన బసవన్న తట్టతో పాటు నా మొహాన్ని కూడా గోడకేసి కొట్టాడు. పై పెదవి చీలి ముక్కుదాకా వాచింది. ఆ మొహంతోనే పేడ ఎత్తి, ఎద్దులకు కుడితి పెట్టి, అందరికీ రొట్టెలు చేసి, శెట్టి కొట్టంలో బుడ్డలు ఒలవడానికి పోయాను.

వేరుశనక్కాయల్ని మా నందికొట్కూరు వైపు బుడ్డలంటారు. జర్మనీ యుద్ధం రోజులవి. ఆ నూనెకు ఎక్కడో గిరాకీ ఉందట, శెట్టి కొట్టం నిండా కాయల కుప్పలే. ఊళ్లో ఆడవాళ్లం చుట్టూ కూర్చుని ఒలిచేవాళ్లం. చేతులకు పనుంది గానీ కళ్లకు లేదు, అందుకని ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ ఉంటాం. నన్ను చూసి అందరూ కాయల మీదికి చూపు తిప్పుకున్నారు. మాలో పెద్దది బీబమ్మ. మొగుడు పోయినా ఎవరి గడపా తొక్కకుండా బతికిన మనిషి. ఆమె ఒక్కతే "ఏమైంది మే?" అని అడిగింది.

గడప తగిలిందని చెప్పడానికి నాకు ఒళ్లు మండింది. ఎన్నిసార్లని తగులుతుంది? మా ఇంటికి ఉన్నదే ఒక్క గడప. మొగుడు కొట్టాడని పదిమందిలో చెప్పుకోవడానికి సిగ్గు. కొట్టినవాడికి లేని సిగ్గు నాకెందుకో ఈరోజుకీ అర్థం కాదు. "నాదేముండాదిలే, మా అమ్మోళ్ల ఊర్లో సంజక్కని ఒకామె ఉండాది, ఆయమ్మ పడే పాట్ల ముందర నాదెంత" అని నోటికొచ్చింది అనేశాను. మా అమ్మ వాళ్ల ఊళ్లో ఆ పేరుతో కుక్కపిల్ల కూడా లేదు.

ఇక చూడండి, రోజూ సంజక్కే. మొదట నా పెదవి ఆమెకిచ్చాను. పోయినేడు తెగిన చెవి తమ్మె ఇచ్చాను. ఎవరూ గుర్తుపట్టకుండా ఆమె మొగుణ్ణి బండి తోలేవాణ్ణి చేసి, మెల్లకన్ను పెట్టాను. సంజక్కను మాత్రం బంగారుబొమ్మ చేశాను. కోడి కూయకముందే లేస్తుంది, మారుమాట అనదు, మొగుడు తిన్నాకే తింటుంది. ఆడవాళ్లు అయ్యో పాపమని నాలుక చప్పరించి, మళ్లీ బియ్యం కూపన్ల మాటల్లో పడేవాళ్లు. బీబమ్మకైతే విసుగొచ్చింది.

"ఆయమ్మ మనిషేనా మే? తిట్టదు, ఆకలనదు. తప్పు చెయ్యని ఆడది యాడుండాది? ఏదన్నా ఒక తప్పు చేయించు, అప్పుడు నమ్ముతాం" అంది.

చేయించు అంది చూడండి, అక్కడే నా గుట్టు ఆమెకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. అయినా బయటపెట్టలేదు. మరునాడు సంజక్క చేత అత్త ఉట్టి మీది వెన్న దొంగిలింపించి, నేరం పిల్లి మీద వేయించాను. అందరి చేతులూ ఆగిపోయాయి. ఆ మరునాడు అత్త తాగే మజ్జిగలో ఉమ్మేయించాను. నవ్వలేక ఒకరి భుజాల మీద ఒకరు పడ్డారు. నాకు పిల్లలు లేరు. గొడ్డుదని మా అత్త నన్ను పేరు పెట్టి పిలవడం కూడా మానేసింది. నాకు లేని కూతుర్ని సంజక్కకు ఇచ్చాను. ఇచ్చి, మొగుడి మీది కోపమంతా ఆ పసిదాని మీద తీర్చుకునేలా చేశాను. తొడ కమిలిపోయేట్టు గిల్లి, తర్వాత దాన్ని పొట్టకు కరుచుకొని ఏడ్చిందని చెప్పాను. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. పిల్లలున్న ప్రతి ఒక్కతీ తల వంచుకొని ఒలుచుకుంటూ పోయింది.

"మొగుడు ఎందుకట్లైనాడు? వానికీ ఏదో ఒకటి ఉంటాది గదా" అని ఇంకో రోజు అడిగారు. ఇంటికి పోయి అన్నం పెడుతూ బసవన్నను చూశాను. ఎప్పుడూ వీపు గోడకు ఆనించే కూర్చుంటాడు. చిన్నప్పుడు వాళ్ల నాయన ఎద్దు తప్పిపోయిందని గుంజకు కట్టేసి చెర్నాకోలతో బాదాడట, ఆ చారలు ఇంకా ఉన్నాయి. ఆ చారలు తీసి సంజక్క మొగుడికి పెట్టాను. ఆడవాళ్లకు వాడి మీద కూడా జాలి పుట్టింది. చెబుతూ చెబుతూ నాకూ పుట్టింది. ఆ సాయంత్రం ఆయన చేను నుంచి రాగానే అడగకుండానే నీళ్లు కాచి పెట్టాను. చెయ్యి పెట్టి చూసి, కాలుతున్నాయని, చెంబుతో ముంచి నా పాదాల మీద పోశాడు. ఒక చెంబుతో ఆగలేదు. నేను అరుస్తుంటే మా అత్త దంచుతున్న రోకలి ఆపలేదు. ఎందుకు కొడుతున్నాడో తెలిసినంత మాత్రాన చర్మం ఊడకుండా ఉండదు.

మరునాడు కాళ్లకు ఆముదపాకులు కట్టుకొని కుంటుకుంటూ పోయి, ఎవరూ అడగకముందే సంజక్కను చంపేశాను. మజ్జిగలో ఉమ్మిన సంగతి అత్త కనిపెట్టిందన్నాను. మొగుడు జుట్టు పట్టి ఊరి బయటి బావిదాకా ఈడ్చుకుపోయాడన్నాను. బావి చుట్టూ కట్టిన రాతి ఒరకు తలను కొట్టాడు, రాతికి నెత్తురుతో వెంట్రుకలు అంటుకున్నాయి, ఆమె వేళ్లు ఒర పట్టుకుంటే మడమతో తొక్కి లోపలికి తోశాడు అన్నాను. చెబుతుంటే నా గొంతే నాకు కొత్తగా ఉంది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకొని ఏడ్చారు. నాకు మాత్రం చాలా రోజుల తర్వాత కడుపునిండా ఆకలైంది.

అంతటితో పీడా పోయిందనుకున్నాను. మా సీమలో అన్యాయంగా చచ్చిన ఆడదాన్ని పేరంటాలంటారు. రాయి నిలబెట్టి, పసుపు పూసి, చీర పెట్టి మొక్కుతారు. ఊరి రెడ్డి మనవడికి జ్వరం వస్తే, రెడ్డి భార్య ఆ నోటా ఈ నోటా కథ విని సంజక్కకు మొక్కుకుంది. జ్వరం తగ్గింది. వారం తిరిగేసరికి మా ఊరి పాత బావి దగ్గర రాయి లేచింది. మొక్కిన చోటికి తల్లి వస్తుందట, మా అమ్మ వాళ్ల ఊరిదైతేనేం! ఆ తర్వాత కథ మగవాళ్ల చేతుల్లోకి పోయింది. సంజక్క ఏనాడూ కళ్లెత్తి చూడలేదన్నారు. మునిగిపోతూ మొగుడికి చేతులెత్తి దండం పెట్టి, నీ చెయ్యి నొప్పి పుట్టిందేమో అని అడిగిందన్నారు. వెన్న లేదు, ఉమ్ము లేదు, గిల్లుడు లేదు. నేను ఏరి ఏరి పెట్టిన తప్పులన్నీ ఉతికి ఆరేశారు. అట్లా కాదు, ఆయమ్మ వెన్న దొంగిలించిందని మా అత్తతో అన్నాను. ఆమె లెంపలు వాయించుకొని, తల్లిని అట్లంటే కండ్లు పోతాయంది. అసలు మనిషే లేదని చెబితే నమ్మేదెవరు? పిల్లవాడి జ్వరం తగ్గింది గదా.

బసవన్న సంతలో ఎర్రంచు చీర కొని రాతికి కట్టి వచ్చాడు. పెళ్లి చీర తర్వాత నాకు ఒక రవికె గుడ్డ తెచ్చిన పాపాన పోలేదు. పసుపు పూసిన చేత్తోనే వచ్చి, మజ్జిగ దుత్త పగలగొట్టానని నా జుట్టు చుట్టి పట్టుకొని పొట్టలో తన్నాడు. కింద పడ్డాక ఇంకోసారి తన్నాడు.

"ఆ తల్లిని చూసి నేర్చుకో. నిన్ను సంపినా నీకు రాయి నిలబెట్టేవాడు లేడు" అన్నాడు.

అట్లా చావాలన్నా పెట్టి పుట్టాలని మా అత్త వత్తాసు పలికింది. నా జుట్టుకు అంటిన పసుపు రెండుసార్లు రుద్దినా పోలేదు.

ఇదంతా నేను ఓర్చుకునేదాన్నేమో. వెంకటేశ్వరమ్మ అని కొత్త కోడలు ఒకతి నా పక్కన కూర్చుని ఒలిచేది. మెడ కింద చుట్టతో కాల్చిన మచ్చలు. ఎవరితోనూ మాట్లాడదు. ఆ వారం ఒకరోజు కాయలకేసి చూస్తూనే అడిగింది.

"పాత బాయి లోతెంత ఉంటాదక్కా?"

ఎందుకన్నాను. "సచ్చినాకన్నా పసుపు పూస్తారు గదా" అంది.

నా కడుపుమంట చల్లార్చుకోవడానికి నేను చంపిన మనిషి, ఈ పిల్లకు చావును తీపి చేసింది. మొగుళ్లు కొట్టడానికి సంజక్క పనికొచ్చింది, అత్తలు నోరు మూయించడానికి పనికొచ్చింది. ఇప్పుడు ఈ పిల్ల బావిలో దూకడానికి కూడా పనికొస్తుందా? నాకు నా మీదే అసహ్యం వేసింది. ఎట్లా అయినా ఆమెను మళ్లీ బతికించాలనుకున్నాను.

శుక్రవారం తొలి పొంగళ్లు. ఊరంతా పాత బావి దగ్గరే. తల్లి ఊరిదాన్ని గనుక తల్లి కథ నన్నే చెప్పమన్నాడు రెడ్డి. బసవన్న టెంకాయ పట్టుకొని ఒర పక్కనే నిలబడ్డాడు, అల్లుడి హోదాలో. కాలిన పాదాలు ఎండకు భగ్గుమంటున్నాయి. ఇంటికి పోయాక ఏమవుతుందో నాకు బాగా తెలుసు. వెన్నతో మొదలుపెట్టాను. ఉమ్ము సంగతి చెప్పాను. పిల్లను గిల్లిన సంగతి చెప్పాను. మగవాళ్లలో గొణుగుడు లేచింది, బసవన్న పళ్లు కొరికాడు. వెంకటేశ్వరమ్మ ఎక్కడుందో చూసుకొని, ఆమెకేసి చెప్పాను.

"ఇంతకుముందు నేను చెప్పింది తప్పు. ఆ పొద్దు బాయిలో పడింది సంజక్క కాదు. ఆయమ్మ మొగుడు."

పొయ్యిలో పుల్లలు చిటపటమనడం వినిపించింది. నేను ఆపలేదు. వాడు ఆమె తలను ఒరకు కొట్టినప్పుడు ఆమె వాడి రెండు కాళ్లూ వాటేసుకొని ఎత్తిందన్నాను. వాడి మొహం లోపలి రాళ్లకు తగులుతూ పోయిందన్నాను. నీళ్ల చప్పుడు ఆగేదాకా అక్కడే కూర్చుని, ఇంటికి పోయి, అత్త ఎదురుగానే ఉట్టి దించి వెన్న రొట్టెకు పూసుకొని తిన్నదన్నాను. మరి ఆయమ్మ ఏమైందని రెడ్డి భార్య పీలగా అడిగింది. బతికే ఉందని చెప్పాను.

దీనికి మతి చెడింది, తీసుకుపో అని రెడ్డి బసవన్నను కేకలేశాడు. కానీ ఆయన కదల్లేదు. ఒర పక్కన నిలబడిన మగవాళ్లు మెల్లగా ఒక్కొక్కరే ఇవతలికి జరుగుతున్నారు. బీబమ్మ లేచి పోయి, రాతికి కట్టిన ఎర్రంచు చీర విప్పి, దులిపి, వెంకటేశ్వరమ్మ భుజాన వేసింది.

"సచ్చినోళ్లు ఎవరూ లేరంట గదా. బతికుండేటోళ్లే కట్టుకోవాల" అంది.

వెంకటేశ్వరమ్మ చీరను రెండు చేతులా పొట్టకు అదుముకొని బీబమ్మ వెంట నడిచింది. ఆమె మొగుడు అడ్డం రాలేదు.

నేను ముందు నడిచాను. బసవన్న చాలా వెనకగా వచ్చాడు. పొద్దుగూకే వేళకు సంగటి కెలికి తట్ట పెట్టాను. మా అత్త మూలన ముడుచుకొని కూర్చుంది, ఆమె నోట మాట రాకపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. బసవన్న గోడకు ఆనుకొని కూర్చున్నాడు గానీ తట్టలో చెయ్యి పెట్టలేదు. తట్టలోకి చూశాడు, నాకేసి చూశాడు, మళ్లీ తట్టలోకి చూశాడు.

"ఆయమ్మ నిజంగానే మొగుణ్ణి తోసేసిందా?" అని అడిగాడు.

నేను ఇంకో సంగటి ముద్ద తీసి ఆయన తట్టలో పెట్టాను.

"ఇంగా లేదు" అన్నాను.